రేడియో గుండె అటక మీదే ఉంది

డిసెంబరులో మన ప్రవాసుల సంఘం విశాఖలో పెట్టుకున్న కలయికకి మీలో చాలామంది వచ్చారు. కంటి శిబిరం, సన్మానాలు, శాలువాలు అన్నీ అయ్యాక హాలు వెనకాల మన ఇళ్ళలోని పాత వస్తువులకి ఒక బల్ల వేశారు. మరచెంబులు, కావడిపెట్టె, తాటాకు విసనకర్రల మధ్య మా నాన్నగారి మర్ఫీ రేడియో పెట్టాను. ఫోను కలిపి పాత పాట వేస్తే జనం చుట్టూ చేరారు. అంతలో మన పెద్దల్లో ఒకాయన వెనక అట్ట తీసి లోపలికి తొంగిచూశారు. లోపల పాత సరంజామా లేదు, కొత్త బోర్డు ఉంది. చేతిలో మైకు ఉండగానే, "ఇదేం రేడియో అమ్మా, శవానికి పట్టుచీర కట్టినట్టుంది" అన్నారు. కొందరు నవ్వారు. ముందు వరసలో మా అమ్మ ఉంది. ఇంటికి చేరేదాకా ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆయన మాటలో సగం నాకూ ఒప్పే. మిగతా సగం కోసమే ఇది రాస్తున్నాను.

విశాఖ ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. మరుసటి ఏడాది నాన్నగారు ఈ రేడియో కొన్నారు. పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు కట్టి వాడుకునే రోజులు. అమ్మకి డయల్ మీది ఇంగ్లీషు అంకెలు తెలియవు. అందుకని విశాఖ స్టేషన్ పలికే చోట అద్దం మీద నాన్నగారు ఎర్ర పెయింటుతో ఒక చుక్క పెట్టారు, కుంకుమ బొట్టంత. ముల్లు బొట్టు మీదకి వస్తే చాలు, అమ్మకి వార్తలు వచ్చేసేవి. షార్ట్ వేవ్ నాన్నగారిది. రేడియో సిలోన్‌లో (శ్రీలంక స్టేషన్) తెలుగు అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వినబడగానే ఇంట్లో అందరం నోళ్ళు మూసుకోవాలి. స్విచ్ వేశాక వాల్వులు, అంటే లోపలి గాజు గొట్టాలు, వేడెక్కడానికి అర నిమిషం పట్టేది. ఈలోగా ఎవరైనా చెయ్యి పెడితే "ఆగండ్రా, వేడెక్కనీ" అనేది అమ్మ.

నాన్నగారు పోయాక రేడియో అటకెక్కింది. మన ఇళ్ళలో ఇదొక పద్ధతి. పారేయడానికి మనసు రాదు, బాగుచేయించడానికి తీరిక ఉండదు, అటక మీద పెట్టి కాపాడాం అనుకుంటాం. విశాఖలో అది కాపాడటం కాదు. ఉప్పుగాలికి ఇనుప చాసీ, అంటే లోపలి భాగాలన్నీ బిగించిన చట్రం, పొరలు పొరలుగా తుప్పు పట్టింది. కేబినెట్ పైనున్న టేకు పొర అంచుల్లో అప్పడంలా లేచిపోయింది. నేను పదిహేడేళ్ళపాటు సెలవులకి వచ్చి, ఆ అటక కిందే సూట్‌కేసులు సర్దుకుని వెళ్ళిపోయాను.

ఆ కలయికకి ముందు దాన్ని దించి, పూర్ణా మార్కెట్ వైపు ఒక ముసలి రేడియో మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టనివ్వలేదు. వంద వాట్ల బల్బు ఉన్న సీరీస్ బోర్డుకి కలిపారు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టు కాలిపోకుండా ఆగుతుంది. బల్బు భగ్గున వెలిగింది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయింది, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వైరు తెగిపోయింది, కెపాసిటర్లన్నీ లీకు. వాల్వులు మాత్రం ఒక్కొక్కటే పరీక్షించి, ఈసీహెచ్ 81, ఈఎల్ 84 రెండూ బతికే ఉన్నాయన్నారు. మరి బాగుచేస్తారా అంటే ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాళ్ళు ఇప్పుడు లేరన్నారు. పోనీ ఇవన్నీ పీకేసి బ్లూటూత్ పెట్టమన్నాను. ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టేశారు. "పేణమున్నవి ఇంకా ఉన్నాయి గదమ్మా, పీకేత్తానంటావేటి?" అన్నారు.

ఆ మాటతోనే నా పద్ధతి మారింది. కేబినెట్‌కి కొత్తగా ఒక్క చిల్లు కూడా పెట్టకూడదనుకున్నాను. చాసీని పట్టి ఉంచేవి అడుగున నాలుగు బోల్టులు. వాటిని విప్పి చాసీని మొత్తంగా బయటికి తీశాం. అదే కొలతకి ప్లైవుడ్ పలక కోయించి, అవే నాలుగు బోల్టులకి బిగించి, దాని మీద 12 వోల్టుల చిన్న ఆంప్లిఫయర్ బోర్డు, ఎఫ్ఎం, బ్లూటూత్ పెట్టాం. పాత స్పీకర్‌నే ఉంచాం. కాగితం కోన్ చిరగలేదు. కాకపోతే అది నాలుగైదు వాట్లకి చేసినది, కొత్త బోర్డు అంతకంటే ఎక్కువ తోసేయగలదు. అందుకే సౌండు కొంత దాటి పెరగకుండా కట్టడి చేశాం. అదృష్టం ఏమిటంటే మా సెట్టులో డయల్ అద్దం, ముల్లు కేబినెట్‌కే బిగించి ఉన్నాయి. ముల్లు ఇప్పుడు కదలదు. దాన్ని ఎర్ర బొట్టు మీద నిలిపాను.

చెక్క పని నేనే చేశాను. తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో వేడి చేస్తే పాత బంక మెత్తబడి టేకు పొర మళ్ళీ అతుక్కుంది. స్పిరిట్‌లో లక్క రేకులు నానబెట్టి, దూది చుట్టిన గుడ్డతో పల్చగా పూసి, ఆరనిచ్చి, మళ్ళీ పూసి, అలా ఆరు రోజులు. పోయిన నాబ్ ఒకటి ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేయించాను. బొమ్మలకి వేసే లక్కే దానికీ వేశారు.

లోపల పాతది లేకపోతే అది రేడియో కాదనే వాళ్ళ బాధ నాకు తెలుసు. కేబినెట్‌ని మద్యం బీరువా చేసినవాళ్ళని చూశాను, వాల్వుల్ని గుప్పెడు లెక్కన తుక్కులో వేసినవాళ్ళని చూశాను. అది తప్పే. కానీ అచ్చంగా పాతదే ఉండాలంటే మా రేడియో ఎప్పటికీ పలకదు. పలికినా, ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు నిండిన ఇంట్లో మీడియం వేవ్ వింటే సగం బరబరే. అమ్మకి ఎనభై ఆరేళ్ళు. ఆమె దేనికోసం ఎదురుచూడాలి?

మన ఊళ్ళోనే 18వ శతాబ్దంలో వడ్రంగులు ఇంగ్లీషు వాళ్ళ మోస్తరు పెట్టెలు, బీరువాలు చేసి వాటికి దంతం పనితనం అద్దారు. వాటిలో కొన్ని ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. రూపు ఒకరిది, పని మరొకరిది అయినా వాటిని ఎవరూ దొంగవి అనడం లేదు. వేరే దేశంలో నలభై ఏళ్ళుగా బతుకుతూ, సంక్రాంతికి మైక్రోవేవ్‌లో పొంగలి వండుకునే మనం ఒకరి రేడియో వెనక అట్ట తీసి పరీక్ష పెట్టడం నాకు న్యాయంగా అనిపించలేదు.

అందుకే అడుగుతున్నాను. ఈసారి ఊరెళ్ళినప్పుడు అటక మీది రేడియో దించండి. తుక్కువాడికి ఇవ్వకండి, కంగారుపడి ప్లగ్గులో పెట్టకండి. కొత్తది పెట్టుకోండి కానీ పాత చాసీని తెంపకుండా బయటికి తీసి దాచండి. మాది అటక మీదే ఉంది. ఒక్కో వాల్వునీ పేపర్లో చుట్టి, పేరు రాసి, బిస్కెట్ డబ్బాలో పెట్టాను. మందుసీసాల్లో వచ్చే చెమ్మపీల్చే పొట్లాలు కూడా వేశాను.

అమ్మ ఇప్పటికీ నాబ్ తిప్పి, చెయ్యి వెనక్కి తీసుకుని కూర్చుంటుంది. బోర్డు వెంటనే పలికేస్తే ప్రతిసారీ కొంచెం ఉలిక్కిపడుతుంది.

ఆ రోజు మైకు పట్టుకున్న పెద్దాయన విశాఖ వస్తే మా ఇంటికి రావాలని కోరుతున్నాను. అమ్మ కాఫీ ఇస్తుంది, నేను డబ్బా దించి చూపిస్తాను. ఆ రెండు ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టగలవాళ్ళు ఎక్కడున్నా, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నాలుగు బోల్టులే, ఆ పూటే విప్పేస్తాను.