మాట తప్పినా సరే, మడమ తిప్పాలి

మన రాజకీయాల్లో మడమకి ఉన్న గౌరవం శరీరంలో మరే భాగానికీ లేదు. 'మాట తప్పం, మడమ తిప్పం' అని మైకు ముందు గర్జించేవాళ్లలో మడమ నొప్పి ఎరిగినవాళ్లు ఒక్కరూ ఉండరని నా గట్టి నమ్మకం. ఉంటే నినాదంలో రెండో సగం ఎప్పుడో ఎగిరిపోయేది. నా మటుకు నాకు డాక్టరుగారు మడమ తిప్పమని చీటీ మీద రాసిచ్చారు. పూటకి పదిహేనుసార్లు కుడివైపు, పదిహేనుసార్లు ఎడమవైపు. పార్టీ ఫిరాయించినవాళ్లు కూడా ఇన్నిసార్లు తిప్పరు.

నేరం నాదే. యాభై నాలుగో ఏట పరుగు మొదలుపెట్టాను. అప్పటిదాకా నేను పరిగెత్తిందల్లా సింహాద్రి ఎక్స్‌ప్రెస్ కదిలిపోతున్నప్పుడే. షుగరు బోర్డర్‌లో ఉందని రిపోర్టు రాగానే, డిసెంబరు కల్లా పది కిలోమీటర్లు పరిగెడతానని ఫ్యామిలీ గ్రూపులో ప్రకటించేశాను. ఆవేశంలో మేనిఫెస్టో ఇవ్వడం మనకి కొత్తా? మా బావమరిది వెంటనే ఫౌజా సింగ్ ఫొటో పంపాడు. ఆయన 89 ఏళ్ల వయసులో, 2000లో, లండన్ మారథాన్ పరిగెత్తాడు. ఆ లెక్కన నేను ముప్పై అయిదేళ్లు ముందే మొదలెట్టినట్టు. ఇక మారథాన్ పేరుకి కారణమైన గ్రీకు వార్తాహరుడు ఏథెన్స్ చేరి, 'గెలిచాం' అని చెప్పి అక్కడికక్కడే ప్రాణం విడిచాడని కథ. ఈ రెండో సంగతి మాత్రం మా బావమరిది ఫార్వర్డ్ చేయలేదు.

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే బండ్లు రానివ్వరు గనక పరిగెత్తడానికి హాయి. మొదటివారం రెండు కిలోమీటర్లు, రెండోవారం అయిదు. మూడోవారం సోమవారం పొద్దున మంచం దిగి కుడికాలు నేల మీద మోపానో లేదో, మేకు దిగినట్టయింది. మంచం నుంచి బాత్‌రూమ్ తొమ్మిది అడుగులు. ఆ రోజే లెక్కపెట్టాను.

దీన్ని ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. మడమ ఎముక నుంచి కాలివేళ్ల దాకా అరికాలి కింద పట్టీలాంటి గట్టి పొర ఒకటి ఉంటుంది. రాత్రి మనం పడుకుంటే అదీ ముడుచుకుని పడుకుంటుంది. పొద్దున మొదటి అడుగుతో దాన్ని ఒక్కసారి సాగదీస్తాం గనక విరుచుకుపడుతుంది. పది అడుగులు వేశాక కాస్త మెత్తబడి, సాయంత్రం మళ్లీ మొదలెడుతుంది. అచ్చం మా సెక్షన్ హెడ్డులాగే. ఎక్స్‌రేలో మడమ ఎముక కొంచెం ముల్లులా పెరిగినట్టు కనిపించింది. నొప్పి లేనివాళ్లలోనూ ఈ ముల్లు కనబడుతుందట, దిగులు పడొద్దన్నారు. దిగులెందుకు? ఇన్నేళ్ల తర్వాత నాలో పొట్ట కాకుండా ఇంకోటి పెరిగింది.

అసలు సంక్షోభం ఇంటికొచ్చాక మొదలైంది. డాక్టరుగారు ఐసు వాడమన్నారు. అమ్మేమో కాల్చిన ఇటుక మీద జిల్లేడాకులు పరిచి మడమ ఆనించమంది. రథసప్తమికి నెత్తిన పెట్టుకునే ఆకుని కాలి కింద పెట్టడమేమిటని ధర్మసందేహం వెలిబుచ్చాను. "నొప్పి నెత్తికొస్తే నెత్తినే పెట్టుకుందువుగాని" అంది. చివరికి ఉమ్మడి కార్యక్రమం కుదిరింది. పొద్దున ఇటుక, సాయంత్రం గడ్డకట్టిన నీళ్లసీసా. ఆ సీసా ఫ్రీజర్‌లో వంజరం ముక్కల పక్కన పడుకుంటుంది. దాన్ని నేను అరికాలి కింద దొర్లిస్తున్నంతసేపూ మా పిల్లి నా పాదాన్ని వదలదు.

గట్టి గచ్చు మీద వట్టి కాళ్లతో తిరగొద్దని కూడా చీటీలో ఉంది. అంటే ఇంట్లో చెప్పులు! హాల్లో సరే, వంటింటి గుమ్మం దగ్గర అనుమానం, దేవుడి గది ముందు పూర్తి నిషేధం. ఇప్పుడు మా ఇంట్లో మూడు సరిహద్దులున్నాయి. నొప్పికాలితో వాటిని దాటడానికి పట్టే సమయంలో రెండో వారపు నేను అర కిలోమీటరు పరిగెత్తేవాణ్ని. రెండు నుంచి అయిదుకి ఒక్క వారంలో దూకడమే కొంప ముంచిందని తర్వాత తెలిసింది. బూట్లు అమ్మిన కుర్రాడు పన్నెండు వేలు తీసుకున్నాడు గానీ ఆ ముక్క చెప్పలేదు. "కుషనింగు సూపర్ సార్" అన్నాడు. నిజమే, పెట్టెలో అవి చాలా సుఖంగా ఉన్నాయి.

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ని చూస్తే ఇప్పుడు నాకు అసూయ. 1969లో ఉద్యోగంలో చేరి, ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి, 2001లో రిటైరైంది. మరుసటి ఏడాది నుంచి ఒడ్డున మ్యూజియమై కూర్చుంది. దాన్ని మళ్లీ ఈదమని ఎవరూ అనలేదు, ఫౌజా సింగ్ ఫొటో పంపలేదు.

పరుగు మానలేదు, వాయిదా వేశాను. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుందట. పొద్దున మంచం మీదే పాదానికి తువ్వాలు తగిలించి రెండు చేతులా వెనక్కి లాగుతాను. "క్షీరసాగర మథనం అయిందాండీ? కాఫీ చల్లారిపోతోంది" అంటుంది మా ఆవిడ. ఆ తర్వాత బీచ్‌కి నడిచి, కురుసుర ప్రహరీకి రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి చాచి, పిక్క సాగేదాకా ముందుకి ఒంగుతాను.

నిన్న అలా ఒంగి ఉంటే, వాకింగ్‌కి వచ్చిన పెద్దాయన ఒకరు ఆగి, "ఏంటి గురువుగారూ, సబ్‌మెరైన్ని తోస్తున్నారా?" అన్నారు.

"కాస్త కదిలిందండీ. మీరూ ఓ చెయ్యెయ్యండి" అన్నాను.