చెట్టు వేషానికి టికెట్టు

ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ తెలుగువాళ్ళ ఇంటికి వెళ్ళండి, కాఫీ రాకముందే ఆ ఫోటో వస్తుంది. గోల్డ్ కోస్ట్ ట్రిప్పు ఫోటో. విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నగారు 20 డిగ్రీల ‘చలి’కి మఫ్లర్ చుట్టుకుని, చేతుల్లో కోలా అనే బూడిదరంగు బొచ్చు జంతువుతో, ఎవరో చంటిపిల్లని ఎత్తుకోమంటే బిగుసుకుపోయిన పెళ్ళికాని బాబాయిలా నిలబడి ఉంటారు. కోలా కెమెరా వైపు చూడదు. అసలు ఎవరి వైపూ చూడదు. రోజుకి 18 నుంచి 20 గంటలు నిద్రపోయే జీవిని మధ్యలో లేపి తెచ్చారు. ఆ సంగతి దాని మొహం మీదే తెలుస్తూ ఉంటుంది.

ఈ ఫోటోని “ఎంత ముద్దుగా ఉందో” అనకుండా తిరిగి ఇచ్చేవాళ్ళని ఇక్కడి తెలుగు సమాజం మనుషుల్లో లెక్కేయదు. నేనూ అనేశాను, చాలాసార్లు. ఇక అనను.

తెలియనివాళ్ళ కోసం: బ్రిస్బేన్‌కి దక్షిణంగా కారులో గంట ప్రయాణం, సముద్రం, ఇసుక, ఇసుక మీద ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు. అదీ గోల్డ్ కోస్ట్. 1981లో డ్రీమ్‌వరల్డ్ అనే థీమ్ పార్కు తెరిచారు. పదేళ్ళు తిరక్కుండా 1991లో మూవీ వరల్డ్ తెరిచారు. పుష్కరాలకైనా 12 ఏళ్ళు ఆగాలి గానీ, ఇక్కడ జనం చేత డబ్బు వదిలించడానికి అంత ఓపిక పట్టలేదు. స్కూలు సెలవులిస్తే చాలు, సిడ్నీ, మెల్‌బోర్న్ తెలుగువాళ్ళంతా పులిహోర డబ్బాలతో సహా ఇక్కడ దిగుతారు. పిల్లలు రోలర్ కోస్టర్ ఎక్కి అరుస్తారు. పెద్దవాళ్ళకి కోలా ఫోటో తీయిస్తారు. ఎవరి వయసుకి తగ్గ టెన్షన్ వాళ్ళకి.

ఆ ఫోటో తీసే చోట ఒకసారి నిలబడి చూశాను. ఏ పార్కు అన్నది అనవసరం. క్యూ పొడుగ్గా ఉంది. లోపలికి రావడానికి ఒక టికెట్, ఫోటోకి వేరే టికెట్, ఆ ఫోటో ఫోన్‌లోకి రావాలంటే ఇంకో రేటు. మన ఫోన్‌తో మనం తీసుకోకూడదు. ముందున్న కుటుంబం మనవాళ్ళే. మాటల్లో ఒంగోలు యాస స్పష్టంగా వినిపిస్తోంది. పార్కు అమ్మాయి నవ్వుతూ పెద్దాయనకి నియమాలు చెప్పింది. చేతులు రెండూ బొడ్డు దగ్గర ఒకదాని మీద ఒకటి. అరచేతులు పైకి. కదలకూడదు. తల నిమరకూడదు. మొహం దగ్గర మొహం పెట్టకూడదు. మీరు చెట్టు అనుకోండి.

అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

“మావయ్యగారూ, మీరు చెట్టట.”

“ఏం చెట్టు బాబూ?”

“యూకలిప్టస్, మావయ్యగారూ.”

“అంటే మన జామాయిలేగా?”

“అదే అనుకోండి.”

పెద్దాయన మొహంలో మొదటిసారి ఆసక్తి కనిపించింది. ఊళ్ళో ఆయనకి జామాయిల్ తోట ఉందట. మూడు నాలుగేళ్ళకోసారి కొట్టించి పేపర్ మిల్లుకి తోలడమే తప్ప, దాని ఆకు తిని బతికే జీవి ఒకటుందని ఆయనకి ఇప్పుడే తెలిసింది. “మేకలు కూడా మూతి పెట్టవు కదే ఆ ఆకుకి,” అన్నారు భార్యతో. ఆవిడకి ఆ చర్చ పట్టలేదు. దాని గోళ్ళు శాలువాకి పట్టుకుంటాయేమోనని ఒక దిగులు, అది చేతిలో పాస్ పోస్తే ఎలా అని ఇంకో దిగులు. “శాలువా తీసేయండి. తీయకండి, చలి. సరే, తీసేయండి.” పార్కు అమ్మాయి ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వుకి గంటకింత అని జీతం ఇస్తారు, తప్పు పట్టలేం.

కోలాని తెచ్చి చేతుల్లో పెట్టారు. పెద్దాయన నిజంగానే చెట్టయిపోయారు. ఊపిరి కూడా తీసుకోలేదనుకుంటా. కోలా ఒక చెయ్యి ఆయన భుజం మీద వేసి, ఇంకో చేత్తో మఫ్లర్ పట్టుకుని, కొమ్మ కాస్త మెత్తగా ఉందేమిటా అన్నట్టు ఒకసారి సర్దుకుంది. మనవడు “తాతా, నవ్వు!” అని అరిచాడు. చెట్లు నవ్వవు. తాత నవ్వలేదు. క్లిక్. నెక్స్ట్. బయటికి దారి బొమ్మల కొట్టు లోపలి నుంచే. అక్కడ అరల నిండా కోలాలు, ఒక్కోదానికీ వెనకాల చైనాలో తయారైనట్టు చీటీ.

ఇక్కడ ఒక గొప్ప విషయం చెప్పుకోవాలి. ఈ కోలాకి కార్మిక చట్టం ఉంది. గోల్డ్ కోస్ట్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో దాన్ని రోజుకి 30 నిమిషాలకి మించి సందర్శకుల చేతుల్లో పెట్టకూడదు. వరసగా మూడు రోజులు పనిచేస్తే మర్నాడు సెలవు ఇవ్వాలి. రాత్రి పదకొండింటికి అమెరికా వాళ్ళ కాల్‌లో కూర్చునే మన సాఫ్ట్‌వేర్ పిల్లలు ఈ నిబంధన చదివి కంటతడి పెట్టుకోవచ్చు. పక్క రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో అయితే ఎత్తుకోవడమే నిషేధం. అందుకే సిడ్నీవాళ్ళు విమానం ఎక్కి మరీ ఇక్కడికి వస్తారు.

దౌత్యానికి కూడా ఈ జీవిని వాడారు. 2014లో బ్రిస్బేన్‌లో జీ-20 సమావేశం జరిగింది. అంతకు నెల ముందే అప్పటి ఆస్ట్రేలియా ప్రధాని టోనీ అబాట్, పుతిన్ వస్తే ఛాతీతో గుద్ది నిలదీస్తానన్నంతగా మాట్లాడాడు. తీరా పుతిన్ వచ్చాక ఇద్దరూ చెరో కోలాని ఎత్తుకుని పక్కపక్కన నిలబడ్డారు. ఒబామా కూడా ఎత్తుకున్నాడు. ప్రపంచం మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకున్నవాళ్ళే నోరు మూసుకుని చెట్టు వేషం కట్టారంటే, ఒంగోలు పెద్దాయన కట్టడంలో వింతేముంది?

బ్రిస్బేన్‌లో 1927 నుంచి నడుస్తున్న లోన్ పైన్ అనే కోలా కేంద్రం ఉంది. ప్రపంచంలో ఇలాంటివాటిలో మొదటిది. అక్కడివాళ్ళు 2024లో ఎత్తుకోవడం ఆపేశారు. పక్కన నిలబడి చూడండి, అది తింటుంది, పడుకుంటుంది, అంతే అన్నారు. బాగా చేశారు. మన వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం వెంటనే “అక్కడికి వెళ్ళకండి, ఎత్తుకోనివ్వట్లేదు, డబ్బు దండగ” అని హెచ్చరికలు మొదలయ్యాయి.

గోల్డ్ కోస్ట్‌లోనే ఉన్న కరంబిన్‌లో చిలకల సంగతి కాస్త నయం. 1947లో అలెక్స్ గ్రిఫిత్స్ అనే పూలతోట ఆయన, రంగురంగుల లోరికీట్ చిలకలు తన పూలు పాడుచేస్తున్నాయని వాటిని మళ్ళించడానికి వేరే చోట తిండి పెట్టడం మొదలుపెట్టాడు. అది చూడటానికి జనం మూగారు. తోట కాపాడుకోవడానికి వేసిన ఎత్తు కాస్తా టూరిస్టు ఆకర్షణ అయి కూర్చుంది. ఇప్పుడు పళ్ళెం పట్టుకుని నిలబడితే చిలకలు మీ నెత్తి మీద వాలతాయి, నెత్తి మీద చేయాల్సింది కూడా చేస్తాయి. దీనికి నాకు పెద్ద అభ్యంతరం లేదు. చిలకలకి ఇష్టమైతే వస్తాయి, లేకపోతే ఎగిరిపోతాయి.

నా కోపం డ్రీమ్‌వరల్డ్ గేటు బయట మొదలవుతుంది.

ఆ పార్కు ఉన్న ఊరి పేరు కూమెరా. అది కోలాలు ఉండే ఊరు. పార్కులోవి కాదు, బయటవి. అక్కడి యూకలిప్టస్ అడవిలో కోలాలు ఎవరి టికెట్టూ లేకుండా బతుకుతున్నాయి. చాలా ఏళ్ళుగా ఆ అడవిని తవ్వి ఇళ్ళు కడుతున్నారు, షాపింగ్ మాల్ కట్టారు. హైవే మీద ట్రాఫిక్ జామ్ అవుతోందని కూమెరా కనెక్టర్ అనే రెండో హైవేని కూడా ఆ కోలాల ఇలాకా మీదుగానే గీశారు. ట్రాఫిక్ ఎందుకంటే ఊరు పెరిగింది. ఊరెందుకు పెరిగిందంటే ఇక్కడి ప్రకృతి బావుంటుందట.

చెట్లు కొట్టడంలో కూడా ఎంత సంస్కారమో చూడండి. కోలా ఉన్న చెట్టుని కొట్టకూడదు. దాన్ని బెదిరించి దింపకూడదు. ముందు ‘కోలా స్పాటర్’ అనే ఉద్యోగి వచ్చి తలెత్తి చూడాలి. పైన కోలా కనిపిస్తే ఆ చెట్టునీ, దాని కొమ్మలు తగిలే పక్క చెట్లనీ వదిలేయాలి. అది తనంతట తాను, స్వచ్ఛందంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఖాళీ చేసి వెళ్ళేదాకా ఆగాలి. వెళ్ళాక కొట్టేయవచ్చు. చుట్టూ మెషీన్లు మోగుతుంటే మట్టినేలలో ఒకే ఒక్క చెట్టు మీద కూర్చున్న జంతువు రాత్రి దిగి ఎటో నడుచుకుంటూ పోతే, దాన్ని కాగితం మీద స్వచ్ఛందంగా వెళ్ళడం అంటారు. ఎటు పోతుంది? కోలా తను తిరిగిన చోటునీ, తను ఎక్కే చెట్లనీ పట్టుకుని ఉండే జీవి. రోడ్డు దాటాలి. రోడ్డు మీద కార్లు. కంచె దాటాలి. కంచె లోపల కుక్కలు. కోలాలు చస్తున్నది ఎక్కువగా వేటివల్లో ఇక్కడ బడిపిల్లలకి కూడా తెలుసు: అడవి పోవడం, కార్లు, కుక్కలు, క్లమీడియా జబ్బు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం క్వీన్స్‌లాండ్ కోలాలని అంతరించే ప్రమాదంలో ఉన్న జాబితాలో చేర్చింది. చేర్చినవాళ్ళకి సిగ్గుండాలి! జాబితా ఒక చేత్తో, బుల్డోజర్ పర్మిషన్ ఇంకో చేత్తో. రోడ్డు పక్కన పసుపుపచ్చ బోర్డు మీద కోలా బొమ్మ గీసి “జాగ్రత్త” అని రాస్తారు. ఎవరి జాగ్రత్త? దానికి చదువు రాదు కదా!

అంటే మొత్తం ఏర్పాటు ఇది. గేటు బయట నిజం చెట్టుని కొట్టేస్తారు. గేటు లోపల డబ్బు కట్టించుకుని ఒంగోలు పెద్దాయన్ని చెట్టుగా నిలబెడతారు.

మనవాళ్ళు కూడా అమాయకులేం కాదు. ఆ కొత్త లేఅవుట్లలో హౌస్ అండ్ ల్యాండ్ ప్యాకేజీలు బుక్ చేసుకునేవాళ్ళలో మనమూ ఉన్నాం. నాలుగు బెడ్‌రూములు, ఒక థియేటర్ రూము, తూర్పు ముఖం, ఈశాన్యంలో పూజగది. 2025లో కంచ గచ్చిబౌలి చెట్ల మీదికి బుల్డోజర్లు వెళ్ళిన రాత్రి, నెమళ్ళ అరుపుల వీడియో ఫార్వర్డ్ చేసి “ఇది ప్రభుత్వమా” అని శాపనార్థాలు పెట్టిన వేళ్ళతోనే ఈ ప్యాకేజీకి అడ్వాన్సు కొట్టారు. గృహప్రవేశానికి పిలిస్తే వెళ్ళాను. భోజనం బావుంది. పెరట్లో చెట్టన్నది లేదు, ఆకులు గట్టర్లలో పడతాయట.

ఈ రాష్ట్రానికి ఇది కొత్త అలవాటు కాదు. 1927లో, లోన్ పైన్ మొదలైన ఆ ఏడాదే, క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఆగస్టు నెల పాటు కోలాలని చంపుకోవడానికి లైసెన్సులిచ్చింది. ఒక్క నెలలో 5 లక్షలకి పైగా చంపారు. చర్మాలు కోట్లకీ టోపీలకీ ఎగుమతి అయ్యాయి. సముద్రం వైపు చూసినా ఇదే వరస. బ్రిస్బేన్ దగ్గరి మోర్టన్ దీవిలోని టాంగలూమాలో 1952 నుంచి 1962 దాకా 6 వేలకి పైగా హంప్‌బ్యాక్ తిమింగలాలని కోశారు. దొరకడం తగ్గిపోయాక మూసేశారు. ఇప్పుడు అదే చోట రిసార్టు ఉంది, సాయంత్రం పూట డాల్ఫిన్లకి చేపలు తినిపించవచ్చు. మిగిలిన తిమింగలాలు మళ్ళీ పెరిగాయి కాబట్టి చలికాలంలో గోల్డ్ కోస్ట్ నుంచి పడవల్లో తీసుకెళ్ళి చూపిస్తారు. ఆ తీరంలోనే సొరచేపల కోసమని ప్రభుత్వం వలలు వేసి ఉంచుతుంది. దారిన పోయే తిమింగలాలు వాటిలో చిక్కుకుంటాయి. వదిలించడానికి మళ్ళీ ప్రభుత్వం పడవే వెళ్తుంది, పైన హెలికాప్టర్ నుంచి టీవీవాళ్ళు తీస్తారు. టికెట్ లేని షో అదొక్కటే.

2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడలు జరిపింది. మస్కట్‌గా బొరోబి అనే నీలిరంగు కోలాని పెట్టుకుంది. 2032లో బ్రిస్బేన్ ఒలింపిక్స్. దానికి రోడ్లు కావాలి, ఇళ్ళు కావాలి, హోటళ్ళు కావాలి. కోలా బొమ్మలు ఎటూ కావాలి. బొమ్మల ఆర్డరు చైనాకి పోతుంది, చెట్ల కాంట్రాక్టు మాత్రం స్థానికులకే.