పూసలతో ఆడుకోవడం కాదండీ అది

ఇప్పుడే పేరెంట్స్ మీటింగ్ నుంచి వచ్చాను, కోపం ఇంకా తగ్గలేదు. మా పాప నాలుగో తరగతి. "మేడమ్, వచ్చే ఏడాది నుంచి పాప ఫౌండేషన్ బ్యాచ్‌లో ఉంటుంది. మాంటిస్సోరి చిన్నపిల్లలకేనండి, ఐదో తరగతికొచ్చాక కూడా పూసలతో ఆడుకుంటూ కూర్చుంటే కాంపిటీషన్‌లో వెనకబడిపోతారు" అన్నాడు అకడమిక్ ఇంచార్జి. పక్కనున్న తల్లిదండ్రులంతా తలలూపారు. మా ఆయన కూడా!

గేటు మీద అంత పెద్ద అక్షరాలతో మాంటిస్సోరి అని రాసుకున్న స్కూల్ ఇది. అంటే పిల్లలు పూసలు, పుల్లల్లాంటి వస్తువులు ముట్టుకుని, తమ చేతులతో చేసి నేర్చుకునే చదువు. ఆ పేరు ఎవరి సొత్తూ కాదు కాబట్టి ఎవరైనా బోర్డు మీద పెట్టేసుకోవచ్చు, పెట్టుకుంటున్నారు కూడా. నాలుగు చెక్క బొమ్మలు, రంగు కుర్చీలు, ఎల్‌కేజీకి డొనేషన్. అంతటితో సరి.

అసలు పెద్ద పిల్లల మాంటిస్సోరి చదువు రూపుదిద్దుకుందే మన పక్కన. ఈ పద్ధతిని మొదలుపెట్టిన ఇటలీ డాక్టర్ మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయార్‌కి వచ్చింది, దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వాళ్లు పిలిస్తే. యుద్ధం వల్ల ఇక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. కొడైకెనాల్‌లో ఉన్న రోజుల్లోనే ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది కొడుకు మారియోతో కలిసి తీర్చిదిద్దింది. విశ్వం ఎలా పుట్టింది, జీవం ఎలా వచ్చింది, మనిషి, అక్షరం, అంకె, ఈ ఐదు పెద్ద కథలు చెప్పి పిల్లల్ని ప్రశ్నల్లోకి వదిలేస్తారు. ఆ వయసు పిల్లలకి కావాల్సింది అదే కదా. ఎందుకు, ఎలా అని రోజంతా మన ప్రాణం తీసేది ఈ తొమ్మిది పదేళ్లవాళ్లే!

ఇంచార్జి గారు ఆట అన్నారే, వర్గమూలం ఎలా చెప్తారో ఒక్కసారి చూడమనండి. 169 తీసుకుని, వందకి ఒక ఎర్ర పుల్ల, అరవైకి ఆరు నీలం పుల్లలు, తొమ్మిదికి తొమ్మిది ఆకుపచ్చ పుల్లలు చిల్లుల బోర్డులో చతురస్రంగా గుచ్చుతారు. అంచు వెంట ఒక పది, మూడు ఒకట్లు. అంటే 13. పిల్ల ఆ జవాబుని వేలితో తడిమి చూస్తుంది. నేను చదువుకున్నప్పుడు భాగహారంలో పక్క అంకెని ఎందుకు కిందికి దించాలి సార్ అని అడిగితే "అడక్కు, దించు" అన్నారు, తొడపాశం కూడా పెట్టారు. పెళ్లై పిల్ల పుట్టాక, మా పాప గొట్టాల్లోంచి పూసలు గిన్నెల్లో పోసుకుని బోర్డు మీద పంచుతుంటే చూసి తెలుసుకున్నాను ఆ దించడం ఏంటో.

ఆ పూసలు చూపించిన టీచర్ ఇప్పుడు ఆ స్కూల్లో లేదు. అసలు నా కడుపుమంట అదీ. "పెద్ద పిల్లలకి చెప్పేవాళ్లు దొరకట్లేదండి" అని ఇవాళ మళ్లీ అన్నారు. దొరికిన మనిషిని మీరేం చేశారు? సొంత డబ్బులతో ట్రైనింగ్ చేసి వచ్చింది ఆవిడ. జీతం పెంచమంటే పెంచలేదు. అది చాలక ఎండాకాలం సెలవుల్లో పాంప్లెట్లు చేతికిచ్చి అడ్మిషన్లు తెమ్మని అపార్ట్‌మెంట్ల చుట్టూ తిప్పారు. మా బ్లాక్ కిందకి కూడా వచ్చింది, చెమటలు కారుతూ, నన్ను చూసి తల దించుకుంది. ఒక్క అడ్మిషన్ తేలేదని అందరి ముందూ నిలబెట్టి తిట్టారట. మన ఊళ్లలో ప్రైవేటు టీచర్లకి ఇది ఏటా ఉండేదే, మీ అందరికీ తెలుసు, తెలిసీ ఫీజు కట్టేసి ఊరుకుంటాం.

ఇప్పుడు ఆవిడ గదిలో ఓఎంఆర్ షీట్ల కట్టలు. పదేళ్ల పిల్లలకి ఓఎంఆర్! గళ్లు నింపడం నేర్పడానికి అదనపు ఫీజు, సాయంత్రం ఆరింటిదాకా స్టడీ అవర్.

ఫౌండేషన్ ఫారం నా బ్యాగులోనే ఉంది, సోమవారంలోగా సంతకం పెట్టి ఇవ్వాలట. పెట్టను. మా ఆయనకి చెప్పేశాను, రేపు మా అత్తగారు, ఆడపడుచు ఫోన్లు చేసినా ఇదే చెప్తాను. మీకు తెలిసిన చోట ఎక్కడైనా నాలుగు, ఐదు, ఆరు తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి నిజంగా ఈ చదువు చెప్పేవాళ్లుంటే కామెంట్‌లో పెట్టండి. దూరమైనా ఫర్వాలేదు. ఆ టీచర్ గారు ఇప్పుడు ఎక్కడ చెప్తున్నారో తెలిసినా నాకు విడిగా మెసేజ్ చేయండి.