బదిలీ మీద వచ్చిన పిల్లి

మా ఇంట్లో రెండు పిల్లులు ఎప్పటినుంచో ఉన్నాయి. మూడోది, నాలుగేళ్ల మగపిల్లి, ఈమధ్యే వచ్చింది. ఆ రోజు నుంచి ఇంటి యజమానిగా ఉన్న నన్ను బంట్రోతు పోస్టులోకి దింపేశారు. జీతం ముందూ లేదు, ఇప్పుడూ లేదు కాబట్టి ఆ విషయంలో ఫిర్యాదేమీ లేదు.

తప్పు మొదటి రోజే జరిగింది, చేసింది నేనే. పిల్లిని మోసుకొచ్చిన బుట్ట (క్యారియర్ అంటారు) తెచ్చి హాలు మధ్యలో పెట్టి, తలుపు తీసి, "అవే సర్దుకుంటాయిలే" అన్నాను. మాట పూర్తయ్యేలోపే మూడు తోకలూ సీసాలు కడిగే బ్రష్షుల్లా ఉబ్బాయి. మధ్యవర్తిత్వం చేద్దామని చెయ్యి అడ్డం పెట్టాను. ఆ చేతి మీద గీతలు చూసి డాక్టరు గారు "ఎవరు గీరారు?" అని అడిగితే, ముగ్గురిలో ఎవరో చెప్పలేకపోయాను. కొట్లాటలో ఉన్న పిల్లికి అడ్డొచ్చిన చెయ్యి ఎవరిదన్నది అనవసరం, కోపం ఎవరి మీదున్నా దెబ్బ దగ్గరున్నవాడికే పడుతుంది. అడ్డం పెట్టాల్సింది దిండు, లేదా ఒక అట్టముక్క. బంట్రోతు చెయ్యి కాదు.

తర్వాత తెలిసిందేమిటంటే, ఇది పూర్తిగా ఆఫీసు వ్యవహారం. పిల్లికూన వస్తే అప్రెంటిస్ లెక్క, సీనియర్లు రెండు రోజులు విసుక్కుని ఒక మూల చూపిస్తారు. ఎదిగిన పిల్లి అలా కాదు, బదిలీ మీద వచ్చిన ఆఫీసరు. దాని అలవాట్లు దానికున్నాయి, పాత చోట ఏ కిటికీ తనదో కూడా గుర్తుంది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పాతిపెట్టిన ఆనవాళ్లు దొరికాయి, అంటే మనతో కాపురం దానికి కొత్త కాదు. కానీ దాని పూర్వీకులు ఒంటరిగా వేటాడుకున్న అడవి పిల్లులు. కొత్తగా వచ్చిన సహోద్యోగికి నవ్వుతూ కుర్చీ జరపడం ఆ వంశంలో లేదు.

కాబట్టి కొత్తాయనకి విడిగా ఒక గది. తిండి, నీళ్లు, మలమూత్రాలకి ఇసుక ట్రే, దాక్కోవడానికో అట్టపెట్టె, అన్నీ లోపలే. పిల్లి నుంచి పిల్లికి అంటుకునే వైరస్ జబ్బులైన ల్యుకేమియా, ఎఫ్‌ఐవీ పరీక్షలూ టీకాలూ అయ్యేదాకా ఎలాగూ విడిగా ఉంచాల్సిందే. ఇక ఫైలు కదపడం నా పని. ఫైలంటే గుడ్డ. పిల్లికి బుగ్గల దగ్గర వాసన గ్రంథులుంటాయి, మెత్తని గుడ్డతో కొత్తాయన బుగ్గలు తుడిచి తెచ్చి సీనియర్ల ముందు పెట్టాలి, వాళ్ల గుడ్డ పట్టుకెళ్లి ఈయన ముందు పెట్టాలి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు, నేను మూడు గుడ్డల్ని మూడు వారాలు తిప్పాను. పెద్దావిడ (సూపరింటెండెంట్ అంటే బాగుంటుంది) ఆ గుడ్డ వాసన చూసి, నోరు కాస్త తెరిచి, ఎవరో పోయారన్న కబురు విన్నట్టు ముఖం పెట్టింది. కంగారుపడ్డాను గానీ అది పరిశీలన మాత్రమేనట. అంగిలి దగ్గర వాసన పట్టే ఇంకో అవయవం ఉంటుంది, ఫైలు అక్కడికి వెళ్లింది.

గుడ్డకి బుస ఆగాక, మూసిన తలుపుకి అటొక గిన్నె, ఇటొక గిన్నె. మొదట దూరంగా, రోజుకి కొంచెం దగ్గరగా. ఆ వాసన వస్తే తిండి కూడా వస్తుందని వాటికి అర్థం కావాలి. ఆ తర్వాత వేలెడంత సందు, ఆపైన ఐదేసి నిమిషాల భేటీలు. ఎక్కడైనా బెడిసికొట్టిందా, ఒక మెట్టు వెనక్కి. నేను రెండుసార్లు తొందరపడి రెండుసార్లూ గుడ్డ దగ్గరికే వచ్చాను.

ఇక బుస గురించి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ బుస విని "అయ్యో, కొట్టుకుంటున్నాయి" అని టెన్షన్ పడతారు. బుస అంటే "దగ్గరికి రాకు" అనే నోటీసు, అంతే, మర్యాదస్తుల పద్ధతి. దానికి తిట్టారనుకోండి, కొత్తాయన కనిపిస్తే మనకి తిట్లు పడతాయని అవి లెక్క రాసుకుంటాయి. నిజంగా భయపడాల్సింది చప్పుడు చేయని పిల్లికి. మా రెండోది ఒక్కసారీ బుస కొట్టలేదు, ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాను. అది వరండాలో ట్రేకి వెళ్లే దారికి అడ్డంగా కూర్చుని, రెప్ప వేయకుండా కొత్తాయన్నే చూస్తోందని, ఆయన నా దుప్పటి మీద పని కానిచ్చాక గానీ తెలియలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందని సామెత చెప్పుకుని నవ్వుతాం గానీ, నెమ్మదిగా కళ్లు మూసి తెరిచే పిల్లితో గొడవే లేదు, అది స్నేహం. మూయకుండా చూస్తేనే బెదిరింపు.

అందుకే పిల్లికో ట్రే, పైన ఇంకోటి. మూడు పిల్లులకి నాలుగు, అవీ వేర్వేరు చోట్ల, ఎందుకంటే నాలుగూ ఒకే వరసలో పెడితే కాపలాకి ఒక్క పిల్లి చాలు. ఇప్పుడు మా ఇంట్లో ఏ గదిలోకెళ్లినా చెప్పులేసుకునే వెళ్తాను.

మొత్తానికి మూడో నెలలో ముగ్గురూ ఒకే గదిలో, ఒకరికొకరు వీపు పెట్టుకుని పడుకున్నారు. ఫొటో తీసి అందరికీ పంపాను. మర్నాడు సూపరింటెండెంట్ గారిని టీకాకి తీసుకెళ్లి సాయంత్రం తెచ్చి దించాను. ఒళ్లంతా ఆస్పత్రి వాసన. బదిలీ మీద వచ్చినాయన సోఫా మీంచి దిగి, ఆవిణ్ణి ఒకసారి వాసన చూసి, వెనక్కి జరిగి, తోక ఉబ్బించి, ఎన్నాళ్లనుంచో ఇల్లు తనదే అన్నట్టు బుస కొట్టాడు.

గుడ్డ ఎక్కడ పెట్టానో వెతుకుతున్నాను.