ఓటు చట్టంలో ఉంది, జాబితాలో ఉందా?

1921లో మద్రాసు శాసనమండలి ఆడవాళ్లను ఓటుకు దూరంగా ఉంచిన నిబంధనను ఎత్తేసింది. బ్రిటిష్ ఇండియా ప్రావిన్సుల్లో ఆ పని ముందుగా చేసింది అదే. మన చిత్తూరు జిల్లా ఏర్పడి అప్పటికి పదేళ్లు. మద్రాసు కిందే ఉండేది. కానీ ఆస్తో, పన్నో ఉండాలన్న షరతు అలాగే మిగిలింది. పట్టా భర్త పేరునో మామ పేరునో ఉన్న ఇంట్లో ఆవిడకు ఓటెక్కడిది? 1935 భారత ప్రభుత్వ చట్టం చదువొచ్చిన స్త్రీలకు, ఆస్తిపరుల భార్యలకు కొంత చోటిచ్చింది. అందరికీ ఓటు రావడానికి రాజ్యాంగంలోని 326వ అధికరణం దాకా ఆగాల్సి వచ్చింది.

అప్పుడూ అడ్డం పడింది జాబితాయే. తొలి సాధారణ ఎన్నికలకు పేర్లు రాసేటప్పుడు ఉత్తరాది రాష్ట్రాల్లో లక్షలాది స్త్రీలు సొంత పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అనే రాయించారు. అలాంటి సుమారు 28 లక్షల మందిని జాబితాలో చేర్చకుండా వదిలేశారు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టు సడలించలేదు. కఠినమే, అయినా అది సరైన నిర్ణయమని మా అభిప్రాయం. పేరు లేని మనిషిని ఓటరుగా గుర్తిస్తే ఆ ఓటు ఆమెది కాకుండా పోయేది.

ఈరోజు ఓటు జారిపోయేది పెళ్లి దగ్గర. పలమనేరు అమ్మాయి తిరుపతికో, వేలూరుకో కోడలిగా వెళ్తుంది. పుట్టింట్లో విచారణకు వచ్చిన బీఎల్‌ఓకు (పోలింగ్ బూత్ స్థాయి అధికారి) "ఇక్కడ లేదు" అని చెప్తారు, పేరు పోతుంది. అత్తింట్లో ఎవరూ చేర్చరు. పేరు పోకముందే చిరునామా మార్పుకు ఫారం 8 వేయాలి, కొత్త ఓటర్ల ఫారం 6 కాదు: పాత చోట తొలగింపు, కొత్త చోట చేర్పు రెండూ దాంతోనే జరుగుతాయి, రాష్ట్రం మారినా సరే. పాత ఓటరు కార్డు నంబరు తప్పనిసరిగా రాయాలి. అదే చిరునామాలో ఓటున్న భర్త పేరిట కరెంటు బిల్లు ఉంటే పనికొస్తుంది. ఉమ్మడి కుటుంబంలో బిల్లు మామగారి పేరిట ఉంటుంది, చిక్కు అక్కడే. ముందు ఆధార్‌లో చిరునామా మార్పించుకోవడం మేలు. ఇంటిపేరు మార్చుకోవాలన్న నిబంధనేమీ లేదు. కార్డులో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో మరొకటి ఉంటే మాత్రం తిప్పలే. నామినేషన్ల చివరి తేదీ దాటితే ఆ ఎన్నికకు జాబితాలో మార్పులుండవు. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే ఆలస్యమే.

విదేశంలో ఉన్న మన ఆడవాళ్ల సంగతి. భారత పౌరసత్వం ఉన్నవారు పాస్‌పోర్టులోని స్వదేశపు చిరునామా మీద ఫారం 6ఏ వేయవచ్చు. 2011 నుంచి ఈ వీలుంది. ఓటరు కార్డు ఇవ్వరు. అసలు పాస్‌పోర్టు పట్టుకుని ఆ ఊరి పోలింగ్ కేంద్రానికే వెళ్లాలి, పోస్టల్ ఓటు లేదు. విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డున్నవారికి ఓటే లేదు. ఇంత ఖర్చు పెట్టి ఎంతమంది వెళ్లగలరు? పిల్లల్ని ఎవరికి అప్పజెప్పాలన్న ప్రశ్న కూడా మన ఇళ్లలో ముందు తల్లి మీదే పడుతుంది. పోస్టల్ ఓటు కోసం మన ప్రవాసుల సంఘం గట్టిగా అడగాలి.

ఈలోగా ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ, అత్తయ్య, పెళ్లయిన చెల్లెలు ఎవరికి వారు ఓటర్ల జాబితాలో తమ పార్ట్ నంబరు, వరుస నంబరు చెప్పగలరేమో అడగండి. చెప్పలేకపోతే అక్కడి నుంచి ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయించండి.