నిద్రాహారాలు మాని నాజూకవుదాం

బరువు తగ్గించే గురువులందరిదీ ఒకటే మంత్రం: తెల్లవారుజామున నాలుగింటికి లేవండి. ఎన్నింటికి పడుకోవాలో మాత్రం ఒక్కరూ చెప్పరు. తొమ్మిదింటికే పడుకోమంటే రాత్రి పదకొండింటి లైవ్ ఎవరు చూస్తారు? పాపం, వాళ్ళకీ పొట్టుంది.

శిష్యుడు పన్నెండున్నర దాకా కొవ్వు కరిగే చిట్కాలు చూస్తాడు. నాలుగింటికి అలారం, నాలుగూ ఐదుకి రెండోది, నాలుగూ పదికి ఆ రెండింటినీ తిట్టుకోవడానికి మూడోది. లేచి ఒళ్ళు హూనమయ్యేలా పరుగు. పగలంతా కునికిపాట్లు, వాటికి విరుగుడుగా సాయంత్రం ఆరింటికి స్ట్రాంగ్ కాఫీ. అందులోని కెఫీన్‌లో సగం పోవడానికే ఐదారు గంటలు పడుతుంది కాబట్టి రాత్రికి మళ్ళీ జాగారం, మళ్ళీ చిట్కాలు. ఇంతలో ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుంది. ఆ వెలుగులో నిలబడి, నోట్లోది నములుతూనే, తనకు మనోబలం లేదని కుమిలిపోతాడు.

మనోబలం కాదు నాయనా, గ్రెలిన్ అనే హార్మోన్! షికాగో యూనివర్సిటీ వాళ్ళు 12 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళ మీద చేసి 2004లో ప్రచురించిన పరిశోధన ఉంది. రెండేసి రాత్రులు 10 గంటలు పడుకోనిచ్చినప్పటి కంటే 4 గంటలే పడుకోనిచ్చినప్పుడు, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం ఎక్కువ, ‘ఇక చాలు’ అనే లెప్టిన్ 18 శాతం తక్కువ. మనసు లాగింది కూడా ఆకుకూరల మీదికి కాదు, తీపి మీదికీ ఉప్పు మీదికీ పిండిపదార్థాల మీదికీ.

ఇక బరువు చూసుకునే మెషిన్ దగ్గర ఉత్సవం. మూడు కిలోలు తగ్గాడట! ఫొటోలు, చప్పట్లు. పోయిందేమిటని ఎవరూ అడగరు. అదే యూనివర్సిటీ వాళ్ళు 2010లో 10 మందికి 14 రోజుల చొప్పున తిండి తగ్గించి చూశారు. మంచం మీద 8.5 గంటలున్నా, 5.5 గంటలున్నా తగ్గిన బరువు దాదాపు ఒకటే, 3 కిలోలు. కాకపోతే నిండుగా పడుకుంటే అందులో కొవ్వు 1.4 కిలోలు, నిద్ర కోస్తే 0.6. మిగతాది కండలూ నీరూ వగైరా. అంటే మనవాడు తిండీ నిద్రా మాని, కండ కరగబెట్టుకుని, పొట్టను మాత్రం భద్రంగా కాపాడుకున్నాడు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇల్లెగిరేలా గురకపెడుతూ, మధ్యలో ఊపిరాగి ఉలిక్కిపడే మనిషికి కూడా ‘బద్ధకం వదిలించుకో’ అనేవాడిని ఏమనాలి? అది స్లీప్ ఆప్నియా. గొంతు చుట్టూ కొవ్వు చేరి గాలిదారి మూసుకుంటుంది, మూసుకున్నప్పుడల్లా మెదడు లేపుతుంది, ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోయినట్టు కాదు. అతనికి కావలసింది నిద్రలో ఊపిరి తీరు చూసే స్లీప్ స్టడీ అనే పరీక్ష, డాక్టర్ చెబితే మాస్కులోంచి గాలి పంపి దారి మూసుకుపోకుండా చూసే సీప్యాప్ మెషిన్. వీళ్ళిచ్చేది అలారం! సిగ్గుండాలి. తెలియనప్పుడు నోరు మూసుకోవచ్చు, దానికి ఏ కోర్సూ చేయక్కర్లేదు.

నైట్ డ్యూటీ చేసి పొద్దున ఏడింటికి ఇల్లు చేరిన నర్సుకు కావలసింది వెలుతురు రానివ్వని మందపాటి కర్టెన్లూ, తలుపు తట్టని ఇంటివాళ్ళూ. ఆమెకూ అదే వీడియో పంపారు: నాలుగింటికి లేవండి. నాలుగింటికి ఆమె వార్డులో ఎవరికో సెలైన్ మారుస్తోంది.