ఆశ్రయం ఇచ్చే ముందు వీసా అడగడం ఏమిటి?

బ్రిటన్‌లో ఉంటున్న మన తెలుగువాళ్ళలో ఎవరింట్లోనైనా భార్య మీద భర్త చెయ్యి చేసుకుంటున్నాడని తెలిస్తే ముందు జరిగేది ఒకటే. మన తెలుగు అసోసియేషన్ పెద్దలు ఇద్దరు ఆ ఇంటికి వెళ్తారు, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు, సర్దిచెప్పి వస్తారు. వ్యవహారం మరీ ముదిరితే మంచి మనసున్న ఏదో ఒక కుటుంబం ఆమెను నాలుగు రోజులు తమ ఇంట్లో ఉంచుకుంటుంది. ఆ మంచితనం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ ఆమె ప్రాణానికి అది రక్షణ కాదు. ఇక్కడ తెలుగువాళ్ళందరం ఒకరికొకరం తెలుసు. ఆమె ఎవరింట్లో ఉందో సాయంత్రానికల్లా ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో బయటపడుతుంది. అదే గ్రూపులో భర్త కూడా ఉంటాడు.

అందుకే ఆమె తలదాచుకునే చోటు బంధుమిత్రులకు సంబంధం లేనిదై ఉండాలి. ఇంట్లో హింస నుంచి తప్పించుకుని వచ్చిన ఆడవాళ్ళకు ఆశ్రయమిచ్చే రెఫ్యూజ్ అలాంటి చోటే. దాని అడ్రస్ ఎవరికీ చెప్పరు. ఎక్కువసార్లు ఆమె ఉంటున్న ఊళ్ళో కాకుండా వేరే కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) పరిధిలో చోటు చూస్తారు. తల్లికీ పిల్లలకూ కలిపి ఒక గది, చాలాచోట్ల వంటగది అందరిదీ, ఫ్రిజ్‌లో ఆమెకో అర. పైకి కనిపించేది అంతే. ఆ గదితో పాటు శిక్షణ పొందిన ఒక వర్కర్ తోడుంటుంది. జీపీ (స్థానిక డాక్టర్) దగ్గర పేరు రాయించడం, పిల్లలకు కొత్త స్కూలు చూడటం, భర్త దగ్గరికి రాకుండా కోర్టు ఆర్డర్ కోసం లాయర్‌ను కలిపించడం ఆ వర్కర్ పని. ఫోన్‌లో లొకేషన్ ఎవరికి వెళ్తోందో, పిల్లవాడి ట్యాబ్‌లో నాన్న అకౌంట్ లాగిన్ అయి ఉందా అని పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూసి ఆపేయిస్తుంది. మన స్పేర్ బెడ్‌రూమ్‌లో ఈ పని ఎవరు చేస్తారు?

1971లో లండన్‌లోని చిజిక్‌లో కొందరు ఆడవాళ్ళు ఒక చిన్న ఇంట్లో మొదలుపెట్టిన పని ఇది. 2021లో వచ్చిన గృహహింస చట్టం దీన్ని ఇంగ్లండ్‌లో కౌన్సిళ్ళ బాధ్యత చేసింది. సురక్షిత వసతిలో ఉన్న తల్లులకూ పిల్లలకూ కావలసిన సహాయం వాళ్ళు ఏర్పాటు చేసి తీరాలి. ఇంట్లో జరిగేది చూస్తూ పెరిగే పిల్లలను కూడా అదే చట్టం బాధితులుగా గుర్తించింది. ఇంత మంచి చట్టం మనవాళ్ళలో చాలామంది దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతోంది. కారణం గది అద్దె.

రెఫ్యూజ్‌లో వర్కర్ల జీతాలకు కౌన్సిల్ గ్రాంట్ ఇస్తుంది, విరాళాలు వస్తాయి. గది అద్దె మాత్రం సాధారణంగా అక్కడ ఉంటున్నామె పేరు మీద వచ్చే హౌసింగ్ బెనిఫిట్ (అద్దెకు ప్రభుత్వం ఇచ్చే సాయం) నుంచి కట్టాలి. భర్త వీసా ఆధారంగా డిపెండెంట్ వీసా మీద వచ్చిన అమ్మాయికి ఆ బెనిఫిట్ రాదు. వీసాలోనే పబ్లిక్ ఫండ్స్, అంటే ఇలాంటి ప్రభుత్వ సాయాలు, లేవని రాసి ఉంటుంది. కాబట్టి ఫోన్‌లో ఏడుస్తూ చెప్పుకుంటున్న మనిషిని రెఫ్యూజ్ వాళ్ళు మొదట్లోనే అడగవలసి వస్తోంది: ‘మీది ఏ వీసా?’ అడిగేవాళ్ళది తప్పు కాదు. అద్దె రాని గదులు నాలుగు పెట్టుకుంటే ఆ సంస్థ మూతపడుతుంది. ఆమె ఉద్యోగం చేస్తోంది కదా అంటారు కొందరు. జీతం ఎవరి అకౌంట్లో పడుతోందో కూడా అడిగి చూడండి.

భర్త బ్రిటిష్ పౌరుడో, ఇక్కడ స్థిరనివాసం ఉన్నవాడో అయితే భార్య వీసా ఉన్నామెకు కొంత దారి ఉంది. మూడు నెలలు బెనిఫిట్లు తీసుకునే అనుమతి తెచ్చుకుని, ఆలోగా గృహహింస కారణంగా శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. భర్త వర్క్ వీసా మీదో స్టూడెంట్ వీసా మీదో ఉంటే? 2024 నుంచి ఆమెకు కూడా ఆ మూడు నెలల అనుమతి దొరుకుతోంది, సంతోషం. కానీ శాశ్వత నివాసానికి ఆ దారి ఆమెకు లేదు. పైగా ఆ అనుమతి తీసుకోగానే చేతిలో ఉన్న వీసా పోతుంది. మూడు నెలలు తిరిగేసరికి మరో వీసా సంపాదించుకోవాలి, లేదంటే దేశం వదలాలి. ‘కంప్లైంట్ ఇస్తే నిన్ను ఇండియా పంపించేస్తా’ అని భర్త పెట్టే భయానికి మన చట్టమే ఇలా బలం ఇస్తోంది. ఆ మూడు నెలల అనుమతికి దరఖాస్తు పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి తీరాలి. ఈ ముక్క దయచేసి మీకు తెలిసిన ఆడపిల్లలందరికీ చెప్పండి.

పిల్లలుంటే 1989 నాటి బాలల చట్టంలోని 17వ సెక్షన్ కింద కౌన్సిల్ సోషల్ సర్వీసెస్‌ను అడగవచ్చు, దానికి వీసా షరతు అడ్డు రాదు. పిల్లలు లేని అమ్మాయికి ఆ ఆధారం కూడా లేదు.

ఆడవాళ్ళపై హింసను అరికట్టేందుకు వచ్చిన ఇస్తాంబుల్ ఒప్పందాన్ని 2022లో ఆమోదించినప్పుడు కూడా, బాధితుల వీసా హక్కుల గురించి చెప్పే 59వ అధికరణానికి మాత్రం కట్టుబడమని బ్రిటన్ పక్కన పెట్టింది. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ లాంటి మహిళా సంస్థలు ఈ విషయం మీద ఏళ్ళ తరబడి పోరాడుతున్నాయి. 2021లో ఇమిగ్రేషన్ చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీస్ సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ చేతికే 15 లక్షల పౌండ్లతో ఒక పైలట్ (ప్రయోగాత్మక) పథకం ఇచ్చింది. ఒక పైలట్‌తో తీరే అవసరమా ఇది? దెబ్బలు తిన్న మనిషికి రెఫ్యూజ్ గది అద్దె కేంద్ర ప్రభుత్వమే కట్టాలి, ఏ వీసా అయినా సరే. ఇప్పుడు మూడు నెలలున్న అనుమతి గడువు కనీసం ఆరు నెలలైనా ఉండాలి. ఇక్కడ ఉద్యోగాలకు మనల్ని కుటుంబాలతో సహా రమ్మన్న దేశం, ఆ కుటుంబంలోని ఆడమనిషికి కష్టం వస్తే నీ వీసా వేరు అనడం నాకు న్యాయంగా కనిపించడం లేదు.

మన వైపు నుంచి కూడా కొన్ని జరగాలి. రాజీ కుదర్చడానికి పెద్దలను పంపే పద్ధతి ఇక ఆపేద్దాం. దాని బదులు, 24 గంటలూ ఉచితంగా పనిచేసే జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 0808 2000 247 మన అసోసియేషన్ హాలులో ఆడవాళ్ళ టాయిలెట్ తలుపు లోపలి వైపు అంటించి పెడదాం. అక్కడైతే భర్త పక్కన లేకుండా ఆమె చదువుకోగలదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో వీసాతో పని లేకుండా రెఫ్యూజ్ అద్దె ఇవ్వాలని తీర్మానం చేసి, ఒక్కో సభ్యుడు తన నియోజకవర్గ ఎంపీకి తన పేరుతో ఉత్తరం రాయాలని కమిటీని కోరుతున్నాను. ఉత్తరం నమూనా రాసే పని నేను తీసుకుంటాను.